పంటి నొప్పి ఒక్కసారిగా మాయమైందా? సంబరపడకండి.. అసలు ప్రమాదం అక్కడే!

రాత్రంతా సలిపిన పన్ను తెల్లారేసరికి మామూలుగా అయిపోయిందా? "హమ్మయ్య, తగ్గింది" అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానేశారా? అయితే ఇది మీకోసమే. పంటి నొప్పి ఎలా పుడుతుంది? ఏ రకం నొప్పికి ఏది కారణం? ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి? తెలుసుకుందాం.

తాండూరు దగ్గర ఓ పల్లెలో ఇల్లు అనుకోండి. కంది కోతల సీజన్. 2022లో జీఐ ట్యాగ్ తెచ్చుకున్న కంది అది, ఇంటిల్లిపాదీ చేన్లోనే ఉంటారు. అమ్మకు మూడు రోజుల నుంచి దవడ పన్ను సలుపుతోంది. రాత్రి నిద్ర లేదు. "పొద్దున రైలెక్కి వికారాబాద్ పోదాం అమ్మా" అన్నాడు కొడుకు. తెల్లారి చూస్తే నొప్పి లేదు. "ఇప్పుడు మంచిగనే ఉంది బిడ్డా, కోతలు అయినంక చూద్దాం" అంది అమ్మ. పది రోజుల తర్వాత చెంప వాచింది. నోరు తెరవరావడం లేదు. పైగా జ్వరం.

ఇది ఎవరో ఒక్కరి కథ కాదు, ఉదాహరణకు చెప్పుకున్నదే. కానీ ఇలాంటివి ప్రతి ఊళ్లో జరుగుతూనే ఉంటాయి. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మరి ఆ అమ్మకు నొప్పి ఎందుకు తగ్గింది? తగ్గాక వాపు ఎందుకు వచ్చింది? ఇది అర్థం కావాలంటే ముందు పన్ను లోపలికి తొంగి చూడాలి.

పన్ను లోపల ఏముంది?

పైకి కనిపించే తెల్లటి పొర పేరు ఎనామిల్. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు, ఎముక కూడా దీని తర్వాతే. ఇందులో నరాలు ఉండవు. అందుకే ఎనామిల్ వరకే పుచ్చితే నొప్పి తెలియదు. నల్ల మచ్చ కనిపిస్తుందంతే.

దాని కింద డెంటిన్ అనే పొర ఉంటుంది. ఇందులో కంటికి కనపడని సన్నటి గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి నిండా ద్రవం ఉంటుంది. ఎనామిల్ అరిగినా, పుచ్చినా, చిగురు కిందికి జారినా ఈ గొట్టాలు బయటపడతాయి. చల్లటి నీళ్లు తగలగానే లోపలి ద్రవం కదులుతుంది. ఆ కదలికే నరాన్ని తాకుతుంది. ఐస్‌క్రీమ్ తింటే జివ్వుమనేది ఇందుకే.

అన్నిటికంటే లోపల పల్ప్ ఉంటుంది. రక్తనాళాలు, నరాలు ఉండే మెత్తటి భాగం ఇదే. ఇక్కడే అసలు చిక్కు. కాలికి దెబ్బ తగిలితే చర్మం సాగి వాపు బయటికి వస్తుంది. పంటిలో ఆ వీలు లేదు. చుట్టూ గట్టి గోడలు, మధ్యలో పల్ప్. వాపు వస్తే సాగడానికి చోటు ఉండదు. ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. చిన్న పన్నుకు అంత పెద్ద నొప్పి అందుకే.

నొప్పి పంటిలో పుడుతుంది.. తెలిసేది మెదడుకు

పంటి నుంచి బయలుదేరిన కబురు ముఖం అంతటికీ పనిచేసే ఒక పెద్ద నరం ద్వారా మెదడుకు చేరుతుంది. దాని పేరు ట్రైజెమినల్ నరం. పై పళ్లు, కింది పళ్లు, చెంప, కణత, చెవి ముందు భాగం.. వీటన్నిటి కబుర్లూ ఇంచుమించు ఒకే దారిలో వెళ్తాయి. అందుకే మెదడు ఒక్కోసారి పొరబడుతుంది. జబ్బు కింది దవడ పంటిలో ఉంటే చెవిలో పోటులా అనిపిస్తుంది. పై పన్ను పాడైతే కింది పన్ను నొప్పి అనిపిస్తుంది. కాబట్టి "ఈ పన్నే, పీకేయండి సార్" అని మీరు చూపించినా డాక్టర్ వెంటనే పీకరు. తట్టి చూస్తారు, చల్లటిది తగిలించి చూస్తారు, ఎక్స్‌రే తీస్తారు. అది ఆలస్యం చేయడం కాదు. మంచి పన్ను పోకుండా కాపాడటం.

ఇంకో విషయం. నొప్పి ఎంత తెలుస్తుందనేది దెబ్బ ఎంత ఉందనే దాని మీదే ఆధారపడదు. భయం, నిద్రలేమి, ఒంటరితనం నొప్పిని పెంచుతాయి. పనిలో ఉంటే తగ్గినట్టు ఉంటుంది. చెంప మీద చేత్తో రుద్దుకుంటే కాస్త హాయిగా ఉంటుంది కదా? ఆ స్పర్శ కబురు నొప్పి కబురుకు అడ్డం పడుతుంది. వెన్నుపాములో నొప్పికి గేటు లాంటి ఏర్పాటు ఉందని రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో చెప్పిన సిద్ధాంతం ఈ విషయాన్నే వివరిస్తుంది.

రాత్రిపూటే ఎందుకు ఎక్కువ?

పగలంతా ఓర్చుకున్న పన్ను రాత్రి పడుకోగానే మొదలుపెడుతుంది. కారణం ఏంటంటే, పడుకున్నప్పుడు తలవైపు రక్తం ఒత్తిడి పెరుగుతుంది. అసలే వాచిన పల్ప్ మీద ఇంకా బరువు పడుతుంది. పైగా రాత్రి మనసు మళ్లించే పని ఏదీ ఉండదు. అలాంటప్పుడు రెండు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా ఉంచుకోండి. కొంత ఉపశమనం ఉంటుంది.

జివ్వు, సలుపు, పోటు.. మీ మాటే సగం క్లూ

డాక్టర్ దగ్గర "నొప్పి సార్" అని ఊరుకోకండి. ఎలాంటి నొప్పో చెప్పండి. మన భాషలో నొప్పికి ఎన్నో మాటలున్నాయి. ఒక్కో మాట ఒక్కో కారణం వైపు వేలు చూపిస్తుంది.

జివ్వుమంటోంది: చల్లనివి, తీపి, పులుపు తగిలితే జివ్వుమని, అది తీసేయగానే కొన్ని సెకన్లలో పోతుందా? ఎనామిల్ అరిగి ఉండొచ్చు, చిన్న పుచ్చు ఉండొచ్చు, చిగురు జారి ఉండొచ్చు. ఈ దశలో వస్తే చిన్న ఫిల్లింగ్‌తోనో, పూతతోనో పని అయిపోతుంది. ఖర్చు కూడా తక్కువ.

సలుపుతోంది: ఏదీ తగలకుండానే దానంతట అదే గుండె కొట్టుకున్నట్టు సలుపుతోందా? వేడి టీ తాగితే మొదలై నిమిషాల తరబడి ఆగడం లేదా? ఇన్ఫెక్షన్ పల్ప్ దాకా వెళ్లిందని అర్థం. ఇక్కడ ఫిల్లింగ్ సరిపోదు. ఎక్కువగా రూట్ కెనాల్ చేయాల్సి వస్తుంది. పన్ను మరీ పాడైతే తీసేస్తారు.

ఈ రెండు మాటల తేడా వెనుక శరీర ధర్మమే ఉంది. పంటిలో ప్రధానంగా రెండు రకాల నొప్పి నరాలుంటాయి. ఒకటి వేగంగా కబురు మోసేది, అది జివ్వుమనిపిస్తుంది. రెండోది నిదానంగా మోసేది, అది సలిపిస్తుంది. జివ్వు కాస్తా సలుపుగా మారిందంటే జబ్బు ఒక మెట్టు ముదిరిందన్నమాట.

కొరికితే పోటు: నమిలినప్పుడు, ముఖ్యంగా కొరికి వదిలిన క్షణంలో పొడిచినట్టు ఉంటే పంటికి పగులు ఉండొచ్చు. జొన్న రొట్టెలోనో, పప్పులోనో రాయి తగలడం, గట్టి వక్కలు కొరకడం, పళ్లతో సోడా మూతలు తీయడం.. ఇవన్నీ పన్ను పగలడానికి కారణాలే. పన్ను ఎత్తుగా లేచినట్టు అనిపించి, తాకితేనే నొప్పి పుడితే వేరు కొనలో చీము చేరి ఉండొచ్చు.

వెనక గుంజుతోంది: 17 నుంచి 25 ఏళ్ల మధ్య చివరి దవడ దగ్గర గుంజుతూ, నోరు పూర్తిగా తెరవలేకపోతే జ్ఞానదంతం సగం బయటికి వచ్చి చిగురు కింద తిండి ఇరుక్కుని ఉండొచ్చు.

చిగురు మంట, రక్తం: గార పేరుకుపోవడం, చిగుళ్ల జబ్బు దీనికి ప్రధాన కారణాలు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది త్వరగా ముదురుతుంది. బొగ్గు పొడి, ఇటుక పొడి, ఉప్పుతో గట్టిగా రుద్దే అలవాటు ఉంటే పన్ను మొదలు అరిగి ఇంకా ఇబ్బంది పెడుతుంది. తాండూరు బండల గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్లు ముక్కు, నోరు కప్పుకోవడం ఊపిరితిత్తులకే కాదు, పళ్లకూ మేలు. నోట్లో పడిన రాతి దుమ్ము పళ్ల మధ్య నలిగి పైపొరను అరగదీస్తుంది.

పన్ను తీయించుకున్న 3, 4 రోజులకు తీవ్ర నొప్పి: గాయంలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడి ఉండొచ్చు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో ఇది ఎక్కువ. వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

నొప్పి ఆగిందంటే.. నరం చచ్చిపోయి ఉండొచ్చు

ఇప్పుడు ఆ అమ్మ విషయానికి వద్దాం. మూడు రోజులు సలిపిన పన్ను ఒక్కసారిగా ఎందుకు ఊరుకుంది? వాపు ఒత్తిడికి లోపల రక్తం అందక పల్ప్ చచ్చిపోయింది. నరం లేదు కాబట్టి కబురూ లేదు. ఇంట్లో మంటలు ఉండగానే అలారం వైరు తెగిపోతే ఎలా ఉంటుందో అలా. నొప్పి పోయింది కానీ సూక్ష్మజీవులు అక్కడే ఉన్నాయి. అవి మెల్లగా వేరు కొన దాటి ఎముకలోకి దిగుతాయి. చీము పడుతుంది. కొన్నిసార్లు చిగురు మీద చిన్న పొక్కులా వచ్చి చీము కారిపోతుంది, అప్పుడూ నొప్పి ఉండదు. కొన్నిసార్లు దారి దొరక్క చెంపలోకి, దవడ కిందికి, మెడలోకి పాకుతుంది.

దవడ కింద రెండు వైపులా వాపు వచ్చి, నాలుక పైకి లేచి, గొంతు మూసుకుపోయే పరిస్థితిని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. ఎక్కువసార్లు దీనికి మూలం కింది దవడలో పాడైన ఓ పన్నే.

కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వైద్యం చేయించకుండా తగ్గిన సలుపు నొప్పి నయమైనట్టు కాదు.

పన్ను నొప్పే.. కానీ జబ్బు పంటిది కాదు!

పై దవడ పళ్లన్నీ ఒకేసారి బరువుగా నొప్పి పెడుతూ, ముందుకు వంగితే ఎక్కువైతే సైనస్ కావొచ్చు. ముఖం కడుక్కున్నా, గాలి తగిలినా కరెంట్ షాక్ కొట్టినట్టు క్షణాల పాటు మెరిసి పోతే అది ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే నరాల జబ్బు కావొచ్చు. తెలియక దీనికి పళ్లు పీకించుకున్నా నొప్పి అలాగే ఉంటుంది. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టు ఉంటే నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉందేమో చూసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది గుండె. నడిచినా, మెట్లు ఎక్కినా దవడలో నొప్పి వచ్చి, ఆగితే తగ్గుతోందా? దాంతో పాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు, చేయి లాగడం ఉన్నాయా? పంటి డాక్టర్ కోసం వెతకొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

లవంగం, వాకుడు పొగ.. ఏది నిజం?

లవంగం పనిచేస్తుంది, కానీ కొద్దిసేపే. అందులోని యూజెనాల్‌కు నరాన్ని మొద్దుబార్చే గుణం ఉంది. పంటిలో చలిని గుర్తించే ఒక ద్వారాన్ని 2021లో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. యూజెనాల్ సరిగ్గా ఆ ద్వారాన్నే మూస్తుందని కూడా తేలింది. అయితే అది నొప్పిని ఆపుతుందే గానీ పుచ్చును మాన్పదు. నూనె ఎక్కువగా పోస్తే చిగురు కాలుతుంది. దూదికి ఒక చుక్క అద్ది పెట్టుకుంటే చాలు.

పిప్పి పన్నులో పురుగు ఉంటుందని, వాకుడు కాయల పొగ పడితే అది రాలిపోతుందని మన దగ్గర పాత నమ్మకం. పంటి పురుగు నమ్మకం వేల ఏళ్ల నాటిది, మెసొపొటేమియాలోనూ ఉండేది. పంటిలో పురుగు ఉండదు. మనం తిన్న తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుంది.

పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందన్నది కూడా అపోహే. పంటి నరం వేరు, చూపుకు సంబంధించిన నరం వేరు.

మెడికల్ షాపు మాత్రలతో జాగ్రత్త

ఆస్పిరిన్ మాత్రను నొప్పి ఉన్న పంటి పక్కన పెట్టుకునేవాళ్లు ఉన్నారు. అలా చేయొద్దు. చిగురు తెల్లగా కాలి పుండు పడుతుంది.

తాత్కాలికంగా పారాసెటమాల్ వేసుకోవచ్చు. పెద్దవాళ్లు కూడా 24 గంటల్లో 4 గ్రాములు, అంటే 500 ఎంజీ మాత్రలు 8 మించకూడదు. లివర్ జబ్బు, మద్యం అలవాటు ఉంటే ఆ హద్దు ఇంకా తక్కువ, డాక్టర్‌ను అడగాలి. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, గర్భిణులకు ప్రమాదం. డెంగీ అనుమానం ఉన్న జ్వరంలోనూ వాడకూడదు. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు.

"రెండు యాంటీబయాటిక్ గోళీలు ఇవ్వన్నా" అని షాపులో అడిగి తెచ్చుకోవద్దు. పల్ప్ వాపు నొప్పికి యాంటీబయాటిక్ పనిచేయదు. ముఖం వాచడం, జ్వరం లాంటి లక్షణాలు ఉన్నప్పుడే డాక్టర్లు రాస్తారు. అప్పుడు కూడా పాడైన పంటికి వైద్యం చేయించాల్సిందే.

సూదికి భయమా?

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కానీ నొప్పి లేకుండా వైద్యం చేయడంలో మన నేలకూ ఒక చరిత్ర ఉంది. అనంతగిరి కొండల్లో, వికారాబాద్ పక్కనే పుట్టిన మూసీ హైదరాబాద్ చేరుతుంది కదా. ఆ నగరంలోనే 1888, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ వాటిని నడిపించారు. మత్తు మందు ఎలా ఇస్తే ప్రాణానికి ముప్పు ఉండదన్నది వాళ్ల ప్రశ్న. గుండెకు క్లోరోఫాం వల్ల భయం లేదన్న వాళ్ల మాట తర్వాత తప్పని తేలింది. అక్కడే చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా చెప్పుకుంటారు.

ఇప్పుడు పంటికి క్లోరోఫాం అక్కర్లేదు. 1943లో స్వీడన్‌లో తయారైన లిడోకైన్ లాంటి మందులతో ఆ ఒక్క చోటే మొద్దుబారుతుంది, మీరు మెలకువగానే ఉంటారు. సూది పెట్టే ముందు చిగురుకు జెల్ కూడా రాస్తారు. కానీ ఒక మెలిక ఉంది. చీము, వాపు ఉన్నచోట ఆమ్లగుణం పెరిగి మత్తు సరిగ్గా ఎక్కదు. అంటే నొప్పికి భయపడి ఆలస్యం చేసేకొద్దీ, నొప్పి లేకుండా చేయించుకునే అవకాశం తగ్గిపోతుంది. గుండె జబ్బు, బీపీ, షుగర్, అలర్జీలు, గర్భం, రక్తం పలచబరిచే మందులు.. ఏవి ఉన్నా ముందే డాక్టర్‌కు చెప్పండి.

ఎక్కడికి వెళ్లాలి?

వికారాబాద్‌లో డెంటల్ కాలేజీ ఉంది. డెంటల్ కాలేజీల్లో సీనియర్ డాక్టర్ల పర్యవేక్షణలో విద్యార్థులు వైద్యం చేస్తారు. కాబట్టి టైమ్ ఎక్కువ పట్టినా ఖర్చు సాధారణంగా ప్రైవేటు క్లినిక్ కంటే తక్కువ. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కన ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. తాండూరు నుంచి రెండు చోట్లకూ రైలు దారి ఉంది.

ఇవి కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. పెద్దాసుపత్రికి వెళ్లండి, లేదా 108కి కాల్ చేయండి.

- దవడ కింద లేదా మెడ వాచడం
- మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరాడకపోవడం
- నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోకపోవడం
- వాపు కంటి దాకా పాకడం
- వాపుతో పాటు జ్వరం, వణుకు

రోజూ ఏం చేయాలి?

ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌తో రోజుకు రెండుసార్లు, మెత్తటి బ్రష్‌తో తోముకోండి. రాత్రి పడుకునే ముందు తోమడం అసలు మరవద్దు. కూల్‌డ్రింక్, పుల్లటివి తీసుకున్న వెంటనే బ్రష్ చేయకుండా నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి. గుట్కా, జర్దా, వక్కలు మానేయండి. ఏడాదికి ఒకసారైనా పళ్లు చూపించుకోండి, నొప్పి ఉన్నా లేకపోయినా.

కంది కోతలు ఏటా వస్తాయి. పెద్దయ్యాక ఊడిన పన్ను మళ్లీ మొలవదు. మీ ఇంట్లో ఎవరైనా "సలుపు దానంతట అదే పోయింది" అంటే, సరేనని ఊరుకోకుండా ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఏ మందైనా డాక్టర్ సలహాతోనే వాడాలి.